సర్వర్‌లో పక్కవారి పని మనకెందుకు కనిపించాలి?

విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో ఒకే లినక్స్ సర్వర్‌ను పదుల మంది, ఒక్కోచోట వందల మంది వాడుకుంటారు. ఎవరి ఫైళ్లు వారివే, అనుమతి లేనిదే పక్కవారు తెరవలేరు. నడుస్తున్న ప్రోగ్రాముల సంగతి అలా కాదు. మామూలు యూజర్ ‘పీఎస్’ కమాండ్ ఇస్తే చాలు, ఆ సమయంలో ఎవరు ఏ ప్రోగ్రాం నడుపుతున్నారో, దాన్ని ఏయే వివరాలు టైపు చేసి మొదలుపెట్టారో సాధారణంగా మొత్తం కనిపిస్తుంది.

చిక్కంతా ఆ టైపు చేసిన వివరాల్లోనే ఉంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కమాండ్‌తో పాటే ఇచ్చేవారున్నారు. మైఎస్‌క్యూఎల్ మొదలవగానే దాన్ని చెరిపేస్తుంది గానీ, ఆలోపు చూసేవారికి కొద్దిపాటి వ్యవధి దొరుకుతుంది. చాలా ప్రోగ్రాములు ఆ మాత్రం జాగ్రత్త కూడా తీసుకోవు. పాస్‌వర్డ్ లేకపోయినా ఫైలు పేర్లుంటాయి. వైద్య పరిశోధన చేసే విద్యార్థి తన ఫైలుకు రోగి పేరు, జబ్బు పేరు పెట్టుకున్నాడనుకోండి. ఫైలు తెరవకుండానే ఆ రెండూ అందరికీ తెలిసిపోతాయి. రోగిని మాత్రం ఎవరూ అడగలేదు!

యూనిక్స్ పుట్టింది బెల్ ల్యాబ్స్‌లో, ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల మధ్య. అక్కడ ఈ బాహాటం సహజమే. ఇప్పటి సర్వర్ల పరిస్థితి వేరు.

లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ ‘ప్రాక్’ అనే చోట ఒక ఫోల్డరు ఉంటుంది. పీఎస్ చదివేది వాటినే. 2012లో వచ్చిన 3.3 కెర్నెల్ ‘హైడ్‌పిడ్’ అనే సెట్టింగ్ తెచ్చింది. 1 పెడితే ఇతరుల ఫోల్డర్లు కనిపిస్తాయి, లోపలి వివరాలు అందవు. 2 పెడితే ఆ ఫోల్డర్లే కనిపించవు. ఏమీ పెట్టకపోతే మాత్రం 0, అంటే అంతా బాహాటమే. నలుగురు పంచుకునే సర్వర్‌లో 2 ఉండాలనీ, తెరిచి ఉంచడమే మినహాయింపు కావాలనీ నా అభిప్రాయం.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. సర్వర్ నెమ్మదిస్తే ఎవరి ప్రోగ్రాం మెమరీ మింగేస్తోందో చూసి, వెళ్లి అడిగే వీలు పోతుంది. ఎమ్మెస్సీ రోజుల్లో మా ల్యాబ్‌లో సగం తగాదాలు అలాగే తీరేవి. అయితే ఒక గ్రూపుకు మాత్రం అన్నీ కనిపించేలా మినహాయింపు ఇవ్వొచ్చు. ఇద్దరు సీనియర్లను అందులో చేరిస్తే పని జరుగుతుంది. సిస్టమ్‌డీ వాడే సర్వర్లలో ఈ సెట్టింగ్ వల్ల లాగిన్ సేవలు తడబడే అవకాశం ఉంది కాబట్టి అడ్మిన్‌లు ముందుగా పరీక్షించుకోవాలి.

పాస్‌వర్డ్‌ను ఎలాగూ కమాండ్‌లో రాయకండి. యజమాని మాత్రమే చదవగల ఫైల్లో పెట్టండి. క్లస్టర్లలో స్లర్మ్ క్యూ కూడా మామూలుగా అందరి జాబ్ పేర్లూ చూపిస్తుంది. హైడ్‌పిడ్ దాని జోలికి పోదు, అందుకు స్లర్మ్‌లోనే వేరే సెట్టింగ్ ఉంది.