వయసు మీదికి నెట్టేసిన పుండు

ఆదివారం అమెరికా నుంచి చేసే వీడియో కాల్‌లో అమ్మ ముఖం కనిపిస్తుంది. ఆయా జుట్టు దువ్వి, బొట్టు పెట్టి, దుప్పటి మెడదాకా కప్పి ఫోను ఎదురుగా పట్టుకుంటుంది. "బాగున్నావా అమ్మా" అంటే ఆవిడ తల ఊపుతుంది. పుండు ఉన్నది ముఖం మీద కాదు, నడుము కింద, వెన్ను ముగిసేచోట. దాని వాసన ఫోన్లో రాదు. జ్వరం ఎంతకీ తగ్గక ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడి నర్సు పక్కకు తిప్పి "ఇది ఎన్నాళ్ల నుంచి ఉందండీ?" అని అడిగేదాకా చాలా కుటుంబాలకు సంగతే తెలియదు. అప్పటికి గుప్పెడు పట్టేంత గుంట. అడుగున తెల్లగా కనబడేది ఎముక.

అమ్మను చూసుకునే వృద్ధుల హోమ్‌కి ఫోన్ చేస్తే దాదాపు అన్నిచోట్లా ఒకటే జవాబు. "వయసు కదండీ. షుగర్ కూడా ఉందాయె. మంచాన పడ్డవాళ్లకి బెడ్‌సోర్స్ మామూలే." నెలనెలా వేలకు వేలు తీసుకున్నవాళ్లు చెప్పే ఈ 'మామూలే'తోనే ఈ వారం నా పేచీ.

మనం నిద్రలో కూడా మనకు తెలియకుండానే అటూ ఇటూ మసులుతాం. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, మతిమరుపు ముదిరి ఒంటి మీద ధ్యాస పోయినవాళ్లు అలా మసలలేరు. ఒంటి బరువంతా ఎముక పొడుచుకొచ్చినచోట పడుతుంది. పిరుదుల పైన, తుంటి మీద, మడమల దగ్గర, తల వెనక. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన కండకు రక్తం అందదు. కదలిక లేకుండా కొన్ని గంటలు గడిస్తే చాలు, పైన చర్మం చెక్కుచెదరకుండానే లోపల కండ చావడం మొదలవుతుంది. పైకి రూపాయి బిళ్లంత మచ్చ తేలేసరికి లోపల దెబ్బతిన్న మేర దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. అన్నం పెట్టడానికని తలవైపు మంచం నిటారుగా ఎత్తి అలాగే వదిలేస్తే ఒళ్లు కిందికి జారుతుంది. చర్మం పరుపుకి అంటుకునే ఉంటుంది, లోపలి కండ మాత్రం జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి మూసుకుపోతాయి. దీనికి తోడు గంటల తరబడి మార్చని తడి డైపర్.

వైద్యులు దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. మొదటిదానిలో చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. రెండోదానిలో పైచర్మం లేచిపోతుంది లేదా బొబ్బ కడుతుంది. మూడోదానిలో కొవ్వు, నాలుగోదానిలో కండ, ఎముక బయటపడతాయి. ఆ మొదటి దశ గురించి ఒక మాట. ఎర్రబడుతుందన్నది తెల్లవాళ్ల ఒంటిని చూసి రాసుకున్న గుర్తు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా తెలియదు. చుట్టుపక్కల కంటే నల్లబడిందా, వేడిగా ఉందా, తాకితే గట్టిగానో మరీ మెత్తగానో ఉందా అని చేత్తో చూడాలి. ఒంటికి స్నానం చేయించే మనిషి రోజూ ఆ చోటును చూస్తే మొదటి దశలోనే పట్టేయొచ్చు. పట్టుకుని, ఆ చోట బరువు పడకుండా చూస్తే చాలావరకు మానిపోతుంది. నాలుగో దశకు చేరిందంటే మధ్యలో చాలా స్నానాలు సరిగ్గా జరగలేదని, లేదా జరిగినా ఎవరూ చూడలేదని, చూసినా ఎవరికీ చెప్పలేదని అర్థం.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్యేం కాదు. బెడ్‌సోర్ వస్తే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, చేసే సేవది అని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. ఎవరికి ఈ ముప్పు ఎక్కువో ముందే లెక్కగట్టే పద్ధతిని ఇంగ్లండ్‌లో డోరీన్ నార్టన్ అనే నర్సు 1962లో ఇచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడే బ్రేడెన్ స్కేలు 1987 నాటిది. ఆరు ప్రశ్నలు, మొత్తం 23 మార్కులు, 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ముప్పు ఉన్నట్టు. కాగితం, పెన్ను, అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత చెయ్యాల్సింది కూడా మనకు తెలిసిందే. రెండు గంటలకోసారి పక్క మార్చడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడడం, తడిసిన వెంటనే మార్చడం, పప్పో గుడ్డో పాలో ఒంటికి పట్టేలా పెట్టడం. గాలి పరుపు మంచిదే కానీ అది మనిషిని తిప్పదు. మన దగ్గర ఇంకా వాడుతున్న రబ్బరు రింగు అయితే మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. మధ్యలో బరువు తీసి, చుట్టూ వలయం పొడవునా నొక్కుతుంది.

ఇదంతా మనుషులతో పని. రాత్రి పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి లేచి తిప్పేవాళ్లు కావాలి. ఒక్కరు తిప్పితే చర్మం ఒరుసుకుపోతుంది, ఇద్దరుండాలి. మధ్యవర్తి ఏజెన్సీల ద్వారా వచ్చే ఆయాలు పన్నెండు గంటల డ్యూటీలో ఎంతమందిని చూస్తున్నారో ఏ హోమ్ బ్రోచర్లోనూ ఉండదు. తోట, భజన హాలు, శాకాహార భోజనం ఉంటాయి. పుండు పడితే ముందు తిట్లు తినేది ఆ ఆయాయే. ఒక్కర్తికి ఇరవై మంచాలు అప్పగించిన మనిషి మాత్రం ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చుని "వయసు కదండీ" అంటాడు.

అన్ని పుండ్లూ నిర్లక్ష్యం వల్లే వస్తాయని అనను. సూపర్‌మ్యాన్ నటుడు క్రిస్టఫర్ రీవ్‌కి మెడ కింద కదలిక లేదు. డబ్బుకీ మనుషులకీ కొదవ లేదు. అయినా 2004లో పోయేనాటికి ఆయన చికిత్స తీసుకుంటున్నది ఇలాంటి పుండు ముదిరి వచ్చిన ఇన్ఫెక్షన్‌కే. ప్రాణం పోబోయే రోజుల్లో చర్మం కూడా మిగతా అవయవాల్లాగే చేతులెత్తేస్తుంది, అప్పుడు ఎంత చూసినా పుండు పడవచ్చు. కానీ అన్నీ చేసినా వచ్చిందని చెప్పేవాళ్ల దగ్గర ఆ చేసినదాని రాత ఉండాలి కదా. నేను చూసిన ఒక చార్టులో రెండు గంటలకోసారి పక్క మార్చినట్టు టిక్కులు వరసగా ఉన్నాయి. నాలుగు రోజులకీ ఒకటే పెన్ను, ఒకటే చేయి. ఆ పెద్దాయన్ని మధ్యాహ్నం ఆస్పత్రిలో చేర్చిన రోజు సాయంత్రం ఆరింటికి, రాత్రి ఎనిమిదింటికి కూడా ఆయన్ని తిప్పేశారు.

అమెరికా ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. అక్కడి వృద్ధుల నర్సింగ్ హోమ్‌ల మీద 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం, దాని కింది నిబంధనల సారం ఇది. పుండు లేకుండా చేరిన మనిషికి పుండు పడకూడదు, పడితే అది తప్పించలేనిదని ఆ మనిషి ఆరోగ్యస్థితే రుజువు చెయ్యాలి. అంటే సంజాయిషీ భారం హోమ్ నడిపేవాడిది. చేరినవాళ్లందరి ఒంటినీ నిర్ణీత కాలానికోసారి పరీక్షించి ఏ దశ పుండు ఎన్ని ఉన్నాయో రాసి పంపాలి, తనిఖీ నివేదికలు ఎవరైనా చూడొచ్చు. 2008 అక్టోబరు నుంచి, ఆస్పత్రిలో ఉండగా మూడో దశకో నాలుగో దశకో చేరిన పుండు వైద్యానికి అదనపు డబ్బు ఇవ్వబోమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ చెప్పేసింది. అంతమాత్రాన అక్కడ పుండ్లు మాయం కాలేదు. నిర్లక్ష్యపు కేసుల మీదే బతికే లాయర్లు అక్కడ బోలెడంతమంది. కానీ "మామూలే" అంటే ఒప్పుకోరు.

మన సంగతికి వద్దాం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం కొడుకూ కూతుళ్ల వెంట గట్టిగానే పడుతుంది. ఆర్డీవో ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇమ్మనవచ్చు. పెద్దవాళ్లను వదిలించుకోవాలని ఎక్కడో వదిలేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టాన్ని చివరిదాకా చదివినా, డబ్బు తీసుకుని చూసుకుంటానన్న ప్రైవేటు హోమ్ పది మంచాలకు ఎందరు ఆయాలను పెట్టాలో, చేరేనాడు ఒళ్లంతా చూసి రాయాలో లేదో ఎక్కడా కనబడదు. ఆ లోటు పూడ్చడానికే హోమ్‌లకూ ఇంటికి ఆయాలను పంపే ఏజెన్సీలకూ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదిక వచ్చింది, 2024లో ఆ లోక్‌సభతోపాటే బిల్లూ పోయింది. కొడుకు మీద ఉన్న చట్టం, కొడుకు దగ్గర డబ్బు తీసుకున్నవాడి మీద లేదు.

మిగిలింది వినియోగదారుల చట్టం. డబ్బు తీసుకుని చూసుకుంటామన్నారు, చూసుకోలేదు. అది సేవాలోపం. డబ్బు తీసుకునే వైద్యసేవ ఈ చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. హోమ్ విజయవాడలో, కూతురు బెంగళూరులో అయితే బెంగళూరులోనే. హోమ్‌కి కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఆన్‌లైన్లో దాఖలు చెయ్యొచ్చు. పెద్దమనిషి పోతే వారసులు వెయ్యొచ్చు. గడువు మాత్రం 2 ఏళ్లే. పెద్దకర్మ, సంవత్సరీకం, అన్నదమ్ముల మధ్య ఆస్తి మాటలు అయ్యేసరికి అది ఇట్టే అయిపోతుంది. చేరేటప్పుడు పెట్టించుకున్న సంతకాల కాగితంలో "ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు" అని ఉంటుంది. ఆ వాక్యం చూసి చాలామంది ఆగిపోతారు. అది ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదు.

మంచి డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలా? ప్రతి కేసులోనూ అక్కర్లేదు. హైదరాబాద్‌లో మలేరియా ఉన్న ఆవిడకు టైఫాయిడ్ వైద్యం చేసి ప్రాణం పోగొట్టిన కేసులో, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేస్తే, 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల తీర్పును నిలబెట్టింది. జరిగిందే తప్పును చెబుతున్నచోట నిపుణుడి కోసం ఎదురుచూడనక్కర్లేదంది. తిప్పకపోతే పుండు పడుతుందని తెలుసుకోవడానికి ఎండీ చదవక్కర్లేదని నా అభిప్రాయం.

కావాల్సింది కాగితం. పెద్దవాళ్లను ఆస్పత్రిలో చేర్చిన రోజే డ్యూటీ డాక్టరును అడిగి కేసు షీటులో "బెడ్‌సోర్, ఫలానా చోట, ఇన్ని సెంటీమీటర్లు, నాలుగో దశ, చేరేనాటికే ఉంది" అని రాయించండి. రేపు హోమ్ వాళ్లు "ఆస్పత్రిలో పడింది" అంటారు, ఆస్పత్రి వాళ్లు "వచ్చేటప్పటికే ఉంది" అంటారు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా తీయండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. పోయినప్పుడు ఇచ్చే కాగితంలో గుండె ఆగిందనో సెప్సిస్ అనో రాస్తారు. ఆ సెప్సిస్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయమనండి. అంతకన్నా ముందు పని హోమ్‌లో చేర్చేరోజుది. ఒంటి మీద పుండు లేదని ఇద్దరూ చూసి సంతకాలు పెట్టుకోవడం, రాత్రి డ్యూటీలో ఎందరుంటారో రాయించుకోవడం. వీడియో కాల్ చేసినప్పుడు ఒక్కసారి పక్కకు తిప్పి వీపు చూపించమనండి. అమ్మ సిగ్గుపడితే కూతురో కోడలో చూడొచ్చు.

పోలీసు కేసు వేరే దారి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106 కింద కేసు పెట్టవచ్చు. కానీ అక్కడ రుజువు బరువు చాలా ఎక్కువ, చివరికి అరెస్టయ్యేది యజమాని కాక రాత్రి డ్యూటీ ఆయా అయ్యే అవకాశమూ ఎక్కువ. కోపం మీద ఉన్నవాళ్లు ముందు అటే పరిగెడతారు. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

ఇన్ని దారులున్నా నాకు తెలిసిన ఇళ్లలో ఎక్కువమంది నోరు మెదపలేదు. "అసలు అక్కడెందుకు వేశావు?" అని చుట్టాలు అడుగుతారని భయం. బతికుంటే, ఫిర్యాదు చేశాక ఆ రాత్రి అమ్మకు నీళ్లిచ్చేది వాళ్లే కదా అన్న భయం. రేపు పంపించేస్తే ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ఇంకోటి. ఈ మూడూ హోమ్ వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

ఇదంతా డబ్బు కట్టినవాళ్ల మాట. అందరికీ ఉచితంగా నడిచే ఆశ్రమాలు వినియోగదారుల చట్టంలోకి రావు. అక్కడ వెనక గదిలో పడుకున్నవాళ్ల తరఫున అడిగే కొడుకూ ఉండడు. పుట్టినరోజుకని, పెద్దల తద్దినానికని అన్నదానం చెయ్యడానికి మనం అక్కడికే వెళ్తాం. ముందు హాల్లో కూర్చోగలిగినవాళ్లకు వడ్డించి ఫోటో దిగి వస్తాం. ఈసారి మంచం దిగలేనివాళ్లు ఎక్కడున్నారని అడిగి, వెనక గదిలోకి కూడా వెళ్లండి. గుమ్మంలోనే వాసన తెలిసిపోతుంది. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567. మొదట హైదరాబాద్‌లోనే మొదలై తర్వాత దేశమంతా పాకింది. కలెక్టరేట్‌లో వయోవృద్ధుల సంక్షేమం చూసే అధికారీ ఉంటారు. ఆ గదిలో ఎన్ని మంచాలున్నాయో, ఎంతమంది ఆయాలు కనిపించారో లెక్కపెట్టుకుని ఫోన్ చేస్తే వాళ్లకూ పని తేలికవుతుంది.