క్యారెక్టర్ షీట్‌లో లేని ఏడో స్కోరు

శనివారం రాత్రి మెస్‌లో తినేసి వచ్చి మా హాస్టల్ రెండో అంతస్తు స్టడీ రూమ్‌లో ఐదుగురం గట్టిగా అరుచుకుంటుంటే, చాలామంది మేం పేకాట ఆడుతున్నాం అనుకున్నారు. వార్డెన్ సార్ కూడా అదే అనుకుని ఒకసారి తలుపు తోసుకుని వచ్చారు. టేబుల్ మీద డబ్బుల్లేవు, ముక్కల్లేవు. గ్రాఫ్ షీట్లు, పెన్సిళ్ళు, రంగురంగుల పాచికలు ఉన్నాయి. "ఏంట్రా ఇది?" అన్నారు. "కథ సార్" అన్నాడు మావాడు. ఆయన కాసేపు అలాగే నిలబడి, "పదకొండుకల్లా లైట్లు ఆర్పేయండి" అని వెళ్ళిపోయారు.

ఆ కథతో మాకు ఏడాది గడిచింది. సరదాగా రాద్దామనే మొదలుపెట్టాను. కానీ సరదా విషయాల కంటే ముందు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది.

ముందు ఆట సంగతి. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్ళకి ఆ పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని ఆడేది గుర్తుండే ఉంటుంది, అదే. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర. "వంతెన మీద రాక్షసుడు నిలబడి ఉన్నాడు, ఏం చేస్తారు?" అంటాడు డీఎం. మన ఇష్టం. కొట్టొచ్చు, పారిపోవచ్చు, లంచం ఇవ్వొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. అది అవుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక వేస్తాం. ఎంత పడాలో డీఎం మనసులో ఒక అంకె పెట్టుకుంటాడు, అంత పడినా, అది దాటినా పనైనట్టు.

ప్రతి పాత్రకీ ఆరు స్కోర్లుంటాయి. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, చరిష్మా. (చరిష్మాకి తెలుగు మాట కోసం మేం ఒక రాత్రంతా కొట్టుకున్నాం. ఒకడు వాక్చాతుర్యం అన్నాడు, ఒకడు కళ అన్నాడు. చివరికి అలాగే వదిలేశాం.) ఖర్చు పెద్దగా లేదు. కోర్ రూల్స్ చాలావరకు 2023లో క్రియేటివ్ కామన్స్ కింద ఫ్రీగా పెట్టేశారు. పాచికలు మాత్రం కొనుక్కున్నాం. మొదట్లో పైథాన్‌లో ఒక్క లైన్ రాసుకుని దాన్నే పాచిక అనుకునేవాళ్ళం. కానీ డీఎం ల్యాప్‌టాప్‌లో ఒకటి పడిందంటే ఎవరూ నమ్మరు. అదే మన చేత్తో వేసినప్పుడు ఒకటి పడితే మన ఖర్మ అనుకుంటాం.

పోయిన సెప్టెంబర్‌లో మొదలుపెట్టాం. అసలు పేర్లు అక్కర్లేదు, మేం ఒకరినొకరం పాత్రలతోనే పిలుచుకుంటాం. నేను విజార్డ్. మా రూమ్మేట్ రోగ్, అంటే దొంగ. ఈసీఈ నుంచి ఒకడు బార్బేరియన్. మా క్లాసువాడే డీఎం. ఐదోవాడు మా క్లెరిక్, దెబ్బలు తగిలితే మంత్రంతో నయం చేసే పూజారి లాంటి పాత్ర. అతను డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో సెకండియర్‌కి వచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లెటూరు, పది దాకా తెలుగు మీడియం.

రూల్ బుక్ ఇంగ్లీషు, చూసిన వీడియోలు ఇంగ్లీషు, కాబట్టి ఆట కూడా ఇంగ్లీషులోనే ఆడాలని మాకు మేమే అనుకున్నాం. ఎవరూ చెప్పలేదు. నాకది హాయిగానే ఉండేది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న లక్షలమందిలో నేనూ ఒకణ్ణి. నా విజార్డ్ రాజుల ముందు నిలబడి పెద్ద పెద్ద స్పీచ్‌లు ఇచ్చేవాడు. డీఎం మురిసిపోయి, "సరే, ఒప్పుకున్నాడు" అనేవాడు. క్లెరిక్ మాత్రం తన వంతు రాగానే రెండు ముక్కలనేవాడు. ఫలానావాణ్ణి హీల్ చేస్తున్నాను, అంతే. సిగ్గరి అనుకున్నాం. నిజం చెప్పాలంటే ఆట రాదనుకున్నాం.

నవంబర్‌లో ఒక రాత్రి కథలో నాకు విషం ఎక్కి స్పృహ తప్పింది. మందు నదికి అవతల గుడిలో ఉంది. పడవ నడిపే ముసలామె రాత్రిపూట పడవ తీయనంటోంది. స్పృహలో లేను కాబట్టి నేను మాట్లాడకూడదు. రోగ్ ఇంగ్లీషులో బంగారం ఇస్తానన్నాడు, పాచిక ఆరు పడింది. బార్బేరియన్ గొడ్డలి చూపించాడు, ఆమె పడవని ఇంకాస్త లోపలికి తోసుకుంది. డీఎం క్లెరిక్ వైపు చూశాడు. అతను ఒక ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టి, ఆపేసి, అన్నాడు:

"అమ్మా, నీకు దండమెడతాను. ఈడు నాకు తమ్ముడు కాడు, సుట్టం కాడు. నిన్న రేత్రి నా పక్కన కూకోని బువ్వ తిన్నాడు, అంతే. ఈడినిక్కడ ఒగ్గేసి నానెలాగెల్లేది? నువ్వు పడవ తియ్యకపోతే తెల్లారేదాకా నానూ ఇక్కడే కూకుంటాను. పొద్దున్న ఈడి మొకం నువ్వే మొదట సూస్తావు."

రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. డీఎం కాసేపు ఆగి, అతనూ తెలుగులోనే, "ఆమె ఏం మాట్లాడలేదు. తాడు విప్పింది" అన్నాడు. పాచిక వేయించలేదు.

ఆట అయ్యాక రోగ్ పేచీ పెట్టాడు. "వాడి చరిష్మా ఎనిమిది రా. మైనస్ వన్. రోల్ చేయించాలి కదా?" డీఎం నన్ను చూపించి, "మరి వీడికి ఎన్నిసార్లు చేయించాను?" అన్నాడు.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. లెక్క వేస్తే, పద్నాలుగు పడాల్సిన చోట మామూలు పాచిక మీద ఛాన్స్ 35 శాతం. ఐదు బోనస్ కలిస్తే 60. నా విజార్డ్ చరిష్మా పది, అంటే బోనస్ సున్నా. మరి ఇన్నాళ్ళూ నేను గెలిచినవి ఎలా గెలిచాను? ఆరు స్కోర్ల కింద కనపడకుండా ఏడోది ఒకటి ఉంది, ఇంగ్లీషు. అది నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, మా నాన్న కట్టిన ఫీజు. క్లబ్ ఇంటర్వ్యూల్లో, జీడీ ప్రాక్టీసులో, టెక్నికల్ సెమినార్లో కూడా ఇదే స్కోరు నడుస్తోంది. అక్కడ కూడా మనం ఎదుటివాణ్ణి సిగ్గరి అనేస్తున్నాం. ఇంగ్లీషు వద్దని నేననడం లేదు, కంపైలర్ ఎర్రర్లు తెలుగులో రావు. కానీ ఒక సరదా ఆటకి ఎవరూ అడక్కుండా మేమే ఆ గేటు కట్టి, మేమే వాచ్‌మన్లుగా నిలబడ్డాం.

తర్వాతి వారం నుంచి తెలుగులో ఆడాం. ఆట మొత్తం మారిపోయింది.

ఇంగ్లీషులో డీఎం అందరినీ ఒకే మాటతో పిలిచేవాడు. తెలుగులో అలా కుదరదు. గ్రామపెద్ద నోరు తెరవగానే నా విజార్డ్‌ని మీరు అన్నాడు, క్లెరిక్‌ని నువ్వు అన్నాడు, బార్బేరియన్‌ని ఒరేయ్ అన్నాడు. ఆటకి ముందు ఆలోచించి పెట్టుకున్నది కాదు, అలా వచ్చేసింది. "నన్నెందుకు ఒరేయ్ అన్నాడు?" అని బార్బేరియన్ లేచాడు. ఆ రాత్రి నిధి సంగతి వదిలేసి గ్రామపెద్ద చేత గారు అనిపించడానికే గంటన్నర పట్టింది. ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన ఆట అదే.

మాటలు కూడా వాటంతట అవే దొరికాయి. హిట్ పాయింట్లు ప్రాణం అయింది: "ఎంత ప్రాణం మిగిలింది?" సేవింగ్ త్రో అంటే ఏదైనా విషమో శాపమో తగిలినప్పుడు తప్పించుకోవడానికి వేసే పాచిక. దానికి రోగ్ "గండం" అన్నాడు. పాచిక బాగా పడితే గండం గడిచింది. ఎవరూ కూర్చుని అనువాదం చేసింది కాదు. రాత్రి ఆగి విశ్రాంతి తీసుకోవడం మజిలీ. రోగ్ వెనకనుంచి పొడవడం వెన్నుపోటు, ఆ మాటకి మన దగ్గర వేరే చరిత్ర ఉంది, వదిలేద్దాం. ఫైర్‌బాల్ మాత్రం ఫైర్‌బాలే. అగ్నిగోళం అంటే అందరం నవ్వి మంత్రం ఫెయిలయ్యేది. ఇప్పుడు తడబడేది నేను. రాజు ముందు నిలబడి సగం వాక్యంలో మాట దొరక్క చేతులు తిప్పేవాణ్ణి. పాచికలు వేయడం మొదలైంది, చాలావరకు ఓడిపోయాను.

ఇక్కడితో ఆపితే మంచి వ్యాసమే అయ్యేది.

ఫిబ్రవరిలో డీఎంకి చికెన్‌పాక్స్ వచ్చి ఇంటికి వెళ్తే, ఒక శనివారం నేను కథ నడిపాను. రాజు పాత పౌరాణిక సినిమాల్లోలాగా మాట్లాడాడు. మాంత్రికుడికి పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావు గొంతు పెట్టాను. సంతలో దొంగతనం చేసి పట్టుబడే ముగ్గురు గాబ్లిన్లకి శ్రీకాకుళం యాస పెట్టాను. కామెడీ సీన్లలో విని నేర్చుకున్న యాస. అందరూ పడీపడీ నవ్వారు. క్లెరిక్ కూడా నవ్వాడు.

తర్వాతి శనివారం అతను రాలేదు, ల్యాబ్ రికార్డు ఉందన్నాడు. ఆ పై వారం తలనొప్పన్నాడు. మూడో వారం అతని క్యారెక్టర్ షీట్ పట్టుకుని రూమ్‌కి వెళ్ళాను. మంచం మీద కూర్చోబెట్టి, అడక్కుండానే చెప్పాడు.

"బాగానే చేశావురా, నవ్వొచ్చింది. కాకపోతే మొదటిరోజు క్లాసులో నా పేరూ ఊరూ చెప్పినప్పుడు కూడా ఇలాగే నవ్వారు. అందుకే మీ దగ్గర ఇంగ్లీషులో రెండు ముక్కలనేవాణ్ణి. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే రాదనుకుంటారు. తెలుగులో మాట్లాడితే నేనే జోకనుకుంటారు."

అంటే నవంబర్ నుంచి నేను అనుకున్నది సగమే నిజం. అతని నోరు కట్టింది ఇంగ్లీషు ఒక్కటే కాదు. దాన్ని అతను మా తెలుగు నుంచి దాక్కోవడానికి వాడుకున్నాడు. పడవ దగ్గర ఒక్కసారి బయటికి వచ్చాడు. మూడు నెలలకి నేను దాన్ని గాబ్లిన్ల చేతిలో పెట్టాను.

సారీ అన్నాను. "సారీ సరే గానీ, మీ రాజుది ఏ ఊరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సినిమా రాజుకి ఊరుండదు.

మన క్లబ్ ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తుంది. అది గిడుగు రామ్మూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, పర్వతాలపేటలో పుట్టారు. మాట్లాడే భాషలోనే చదువూ రాతా ఉండాలని జీవితమంతా పోట్లాడారు. పోయినసారి ఆయన ఫోటోకి దండ వేసిన స్టేజీ మీదే, గంట తర్వాత మన స్కిట్‌లో వాచ్‌మన్ ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడాడు. హాలంతా నవ్వింది, మూడో వరసలో కూర్చుని నేనూ నవ్వాను. ఒకప్పుడు తెలంగాణ యాసనీ సినిమాలు రౌడీలకీ కమెడియన్లకే ఇచ్చేవి. బలగం లాంటివి వచ్చాక అది ఇంటి మాటగా వినిపిస్తోంది. కాబట్టి ఇది మారనిదేం కాదు. ఎవరో ఒకరు ఆ మాటని ఏడ్చే పాత్రకీ, ప్రేమించే పాత్రకీ, తీర్పు చెప్పే పాత్రకీ ఇవ్వాలి, అంతే.

అందుకే నేను అడిగేది ఒకటే. ఈసారి వ్యాసరచన పోటీ పక్కన ఒక టేబుల్ వేయండి. ఐదు కుర్చీలు, ఒక సెట్ పాచికలు. వ్యాసంలో మనం తెలుగు గురించి రాస్తాం, రాసింది ఎవరూ తిరిగి అడగరు. ఈ టేబుల్ దగ్గర ఎదుటివాడు అప్పటికప్పుడు జవాబు చెబుతాడు. అవధానం చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు, అడ్డం పడేవాళ్ళ మధ్య అప్పటికప్పుడు అల్లడమే. అప్రస్తుత ప్రసంగానికి మా రోగ్ ఉన్నాడు, ఆ విషయంలో దిగులు లేదు. ఒక్కటే రూలు, ఎవరి యాస వాళ్ళది, పక్కవాడిది అరువు తెచ్చుకోకూడదు.

క్లెరిక్ మార్చిలో తిరిగొచ్చాడు. ఒక షరతు పెట్టాడు, రాజుని మార్చమన్నాడు. మార్చాం. ఇప్పుడు మా కథలో రాణి ఉంది, ఆమె మాటలు అతనే మాట్లాడతాడు. మొన్న నా విజార్డ్ పన్ను ఎగ్గొట్టినందుకు ఆమె తీర్పు చెప్పింది. "ఏటి బాబూ, సదువుకున్నోడివి కదా" అని మొదలుపెట్టింది. నేను ఆ తర్వాత ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. పాచిక వేశాను, నాలుగు పడింది. రెండు వందల బంగారు నాణేలు పోయాయి.

వచ్చే సెమ్ నుంచి అతనే డీఎం. కథ వంశధార ఒడ్డున మొదలవుతుందట, పడవ ముసలామె మళ్ళీ ఉంటుందట. నన్ను కొత్త పాత్ర రాసుకోమన్నాడు, "నువ్వు ఇంట్లో మాట్లాడే తెలుగే మాట్లాడు, ఇంకేదీ పెట్టకు" అన్నాడు. మా అమ్మది ఖమ్మం, నాన్నది నెల్లూరు, నేను పెరిగింది అపార్ట్‌మెంట్‌లో. ఏది వస్తుందో చూడాలి.

బార్బేరియన్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నాడు, ఒక కుర్చీ ఖాళీ. శనివారం తొమ్మిదికి, రెండో అంతస్తు స్టడీ రూమ్. పెన్సిల్ తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నవన్నీ రోగ్ కొట్టేశాడు.