ఆలుమగల ఇంటర్నెట్ అంగడి

కిందటేడు ఒక సోమవారం నా ఓ.పి.కి రాప్తాడు నుంచి ఒక జంట వచ్చారు. అమ్మాయికి ఎనిమిదో నెల, తొలిచూలు. ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు మానుకుని సొంతూరు చేరి, ఇంట్లోనే ఒక వెబ్‌సైట్ పెట్టారట. ధర్మవరం పట్టుచీరలు, గానుగ వేరుశనగ నూనె అమ్ముతారు. ఫోటోలు తీసేది, ధరలు రాసేది ఆమె. పార్సెళ్ళు కట్టి కొరియర్‌కు చేర్చేది, లెక్కలు చూసేది అతను.

"తలనొప్పి సార్, వారమైంది. కంప్యూటరు చూసీ చూసీ వస్తోంది. అద్దాలు మార్చుకుంటే సరిపోతుందేమో" అన్నదామె. "నిద్ర చాలడం లేదు సార్, అంతే" అన్నాడతను. ఇద్దరూ ముందే రోగనిర్ణయం చేసుకుని వచ్చారన్నమాట!

నేను ఆమె చేతి వేళ్ళు చూశాను. ఉంగరం బిగుసుకుపోయి ఉంది. ముఖం కాస్త ఉబ్బింది. బి.పి. 150/100. మూత్రంలో ప్రోటీను పోతోంది.

గర్భిణికి అయిదో నెల దాటిన తర్వాత బి.పి. 140/90కి గాని, అంతకు పైకి గాని పోయి, మూత్రంలో ప్రోటీను కనిపిస్తే అది తేలిగ్గా తీసుకోవలసిన సంగతి కాదు. మన పెద్దలు గుర్రపువాతం అని భయపడేవారే, ఆ ఫిట్స్‌కు ఇది ముందు మెట్టు. తల్లికీ బిడ్డకూ కూడా ప్రాణాపాయమే. ఆ రోజే ఆమెను అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్పించాం.

కంప్యూటరు వల్ల ఈ జబ్బు వచ్చిందని నేను అనను. తొలి కాన్పులో ఎవరికైనా రావచ్చు. పొలంలో పనిచేసే ఆమెకూ వస్తుంది, ఏ పనీ చేయని ఆమెకూ వస్తుంది. కాని ఈ వ్యాపారం జబ్బును దాచిపెట్టింది. ఆమె రెండు నెలలుగా చెకప్‌కు రాలేదు. పండుగ ముందు ఆర్డర్లు ఎక్కువ, "వచ్చే వారం పోదాంలే" అనుకున్నారు. ఆఫీసులో ఉండి ఉంటే పక్క సీటు మనిషి "ఏమమ్మా, ముఖం ఉబ్బినట్టుందే?" అని అడిగేది. ఇక్కడ ఆమె ముఖం చూసే మనిషి ఒక్కడే, అతనికీ కంటినిండా నిద్ర లేదు. ఇక ఇంట్లో అత్తగారేమో "చేనికి పొయ్యి కలుపు తీస్తాందా ఏమన్నా? కుర్చీలో కూచునేదే గదా!" అన్నదట. ఆవిడను తప్పు పట్టలేం. ఆవిడ ఎరిగిన కష్టానికి చెమట ఉంటుంది.

ఆలుమగలు కలిసి పనిచేయడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ధర్మవరంలో భర్త మగ్గంలో కూర్చుంటే భార్య నూలు చుట్టి ఇచ్చే ఇళ్ళు ఎన్నో. విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ దంపతులు 1969 నుంచి ఇక్కడే ఎంత పెద్ద సంస్థను నిలిపారో మీకు తెలుసు. అందరికీ అలా కుదరదు. నేటి ఇంటర్నెట్‌కు దారులు వేసిన కంపెనీల్లో ఒకటైన సిస్కోను 1984లో అమెరికాలో పెట్టింది ఒక జంటే, లెనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్. 1990లో ఇద్దరూ ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చేశారు. తర్వాత విడాకులూ తీసుకున్నారు.

మగ్గానికి చీకటి పడితే విశ్రాంతి ఉండేది. వేరుశనగ చేనుకు ఒక కారు ఉంది. వెబ్‌సైటుకు రాత్రి లేదు. పైగా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే దిక్కులేని నేల మీద పెరిగినవాళ్ళు, వచ్చిన ఆర్డరును వదలమంటే వదలరు. ఒక పంట పోతే ఏమవుతుందో చిన్నప్పుడే చూసి ఉంటారు. అర్ధరాత్రి రెండింటికి ఫోను మోగినా లేచేది అందుకే. నేను వాళ్ళను దురాశాపరులని ఎప్పుడూ అనను.

అయితే శరీరం కూడా లెక్కలు రాసుకుంటుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. 35, 40 గంటలు పనిచేసేవారితో పోల్చి చెప్పిన మాట ఇది. ఆ అబ్బాయిని అడిగితే లెక్కపెట్టి 80 గంటలన్నాడు! వయసు 31. అతనికీ బి.పి. చూశాను, 146/94. కంగారు వల్ల పెరిగి ఉండవచ్చని మరో రెండు రోజులు చూసినా దిగలేదు. భార్యను చూపించడానికి వచ్చినవాడికి తన జబ్బు తెలిసింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి అంగడి పెట్టే ఆలోచన ఉంటే, పెట్టుబడి లెక్క రాసే కాగితం మీదే ఇంకొక లెక్క రాయండి. రాత్రి ఎన్నింటికి కంప్యూటరు కట్టేస్తారు? వారంలో సెలవు ఏ రోజు? వ్యాపారం మాటలు పడకగదిలోకి రాకూడదనే నియమం ఎవరు గుర్తు చేస్తారు? ఇది హాస్యానికి అనడం లేదు. పగలు స్టాకు గురించి మొదలైన పోట్లాట రాత్రి పుట్టింటి గురించి అవుతుంది, తెల్లవారుజామున గుండెదడ అని నా దగ్గరికి వస్తారు. ఈ.సి.జి. మామూలుగానే ఉంటుంది.

కళ్ళ మంటకు ప్రతి ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరం చూడండి, రెప్పలు ఆర్పండి. మా ఓ.పి.లోనూ ఇప్పుడు కంప్యూటరే, సాయంత్రానికి నావీ మండుతున్నాయి. నడుంనొప్పికి లేచి నాలుగడుగులు వేయాలి. తిండి మాత్రం తెర ముందు వద్దు. ఎంత తిన్నదీ తెలియదు.

గర్భిణి ఉన్న ఇంట్లో ఇవేవీ ముఖ్యం కాదు. చెకప్ రోజు అంగడి మూసేయండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పద్ధతి 2016లో మొదలైంది. విడవని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, వీటిలో ఏది కనిపించినా 9వ తేదీ దాకా ఆగకండి. రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. కాన్పయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, మొదటి ఆరు వారాల్లోనూ ఈ ముప్పు ఉంది.

ఆ అమ్మాయిని మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. మందులతో బి.పి. అదుపులోకి వచ్చింది, తలనొప్పి తగ్గింది. ముప్పై ఏడో వారంలో నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల, రెండుంపావు కిలోలు. బిడ్డ మూడో నెలలో ఇద్దరూ బి.పి. చూపించుకోవడానికి వచ్చారు. ఆమెకు మందులు అక్కర్లేకపోయాయి. ఏడాదికొకసారి మాత్రం జీవితాంతం చూపించుకోవాలని చెప్పాను. అతనికి ఒక మాత్ర ఇంకా నడుస్తోంది. పార్సెళ్ళు కట్టడానికి ఊళ్ళోనే ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నారట. ఆదివారం ఆర్డర్లు తీసుకోబడవని వెబ్‌సైటులో రాసిందెవరని అడిగితే, ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు.