“దొంగ” యను మాట

“దొంగ” యను మాటకు మనలో రెండర్థములు వాడుకలో నున్నవి. పరుల సొమ్ము హరించువాడు దొంగ. కపటమైన ప్రతిదియు దొంగయే: దొంగనిద్ర, దొంగయేడుపు, దొంగజపము, దొంగసంతకము. వీనిలో నెవ్వరి సొమ్మును పోలేదు. పైకి కనబడునది నిజము కాదని మాత్రమే భావము. ఇక వెన్నదొంగ యన్నచో నది తిట్టు కాదు, ముద్దు. సంస్కృతకవులు చిత్తమును, ఆంగ్లేయులు చూపును దొంగిలింతురు గనుక నీ చమత్కారము మనకే చెల్లినది కాదు.

అంతటితో నాగినచో నాకు కలహము లేదు. విజయవాడ వన్ టౌనులో నొక యంగడివాడు తూకములో 100 గ్రాములు మిగుల్చుకొన్నపుడు మనమేమందుము? “దొంగతూకము” అందుము. తప్పు త్రాసుది! పరుల స్థలమును వ్రాయించుకొన్న పెద్దమనుష్యుని కాగితములు “దొంగపత్రములు”. ఆయన మాత్రము పెద్దమనుష్యుడే.

ఇటీవల తరగతిలో “దొంగ”తో మొదలగు మాటలు చెప్పుడని పిల్లల నడిగితిని. ఉత్సాహముతో చెప్పుచుండగా నొకడు వెనుకబల్ల బాలుని చూపి, “వీళ్లది స్టువర్టుపురమండీ!” అనెను. అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

జాతికి జాతినే నేరస్థులుగా ప్రకటింపవచ్చునన్న చట్టము 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వచ్చినది. ఎరుకలవారు ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోసి యమ్ముచు, బుట్టలల్లుచు, సోదె చెప్పుచు బ్రదికినవారు. రైలు వచ్చి వారి వర్తకమును మ్రింగినది. దానిని చౌర్యమని యెవరనిరి? పిమ్మట వారిలో ననేకుల వ్రేలిముద్రలు పోలీసు పట్టికల కెక్కెను. హాజరు చెప్పక యూరు దాటరాదయ్యెను. బాపట్ల చెంత స్టువర్టుపురమును, మాకు కృష్ణ కావలి యొడ్డుననే సీతానగరమును సాల్వేషన్ ఆర్మీవారి సెటిల్మెంట్లుగా వెలసెను. ఆ చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. 1991లో సినిమావారు ఆ యూరి పేరునకు “దొంగలు” అని తగిలించి ప్రకటనలంటించిరి. మనము టిక్కెట్లు కొంటిమి.

ఇదియా న్యాయము? తీసికొన్నవాని విషయమున మాట త్రాసు కంటును, కాగితమున కంటును. ఏమియు తీసికొనని బాలునకు మాత్రము పుట్టుకతోనే యంటును. ఇంట గిన్నె కనబడనపుడు మన చూపు మొదట నెవరిపై బడునో గృహిణులే చెప్పవలెను.

ఆ బాలుడు రెండుదినములు బడికి రాలేదు. మూడవనాడు రాగా, తరగతి యెదుట నేనతని క్షమాపణ గోరితిని. అతడు తల యెత్తలేదు.