కప్పు వాళ్లది... గ్రౌండ్‌లో మన పిల్లలకు చోటెంత?

యూఏఈ ప్రెసిడెంట్స్ కప్ చెబుతున్న లెక్క ఇదీ

శుక్రవారం సాయంత్రం. సోనాపూర్‌లోనో, అల్ ఖూజ్‌లోనో, ముసఫాలోనో ఓ క్యాంపు. స్నానాలు అయ్యాయి, ఇంటికి ఫోన్లు అయ్యాయి. మెస్ హాల్లో టీవీ ముందు జనం చేరారు. క్రికెట్ లేదు. ఎవరో రిమోట్ నొక్కితే అరబిక్ కామెంటరీతో ఫుట్‌బాల్ వచ్చింది. పక్క రూముల మలయాళీ తమ్ముళ్లు కుర్చీలు లాక్కుని ముందుకు జరిగారు. మనోళ్లలో ఒకరు లేస్తూ అన్నారు: "అరబ్బుల ఆట మనకెందుకన్నా, పోయి పడుకుందాం."

లేవకండి అన్నా, ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఆ టీవీలో వచ్చేది యూఏఈ ప్రెసిడెంట్స్ కప్. ఈ దేశంలో ఓడితే ఇంటికే అనే పద్ధతిలో జరిగే పెద్ద కప్పు అదే. దాంతో మనకు అసలు సంబంధమే లేదనుకోవడం 2018కి ముందు మాట. ఆ తర్వాత లెక్క కొంచెం మారింది. ఎంత మారింది, ఎవరికి మారింది అన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

ఆర్నెల్లలో రెండు ఫైనల్స్

2022-23 సీజన్ సంగతే తీసుకోండి. నిజానికి అది అంతకుముందు సీజన్ బాకీతో మొదలైంది. 2022 మే 13న యూఏఈ అధ్యక్షుడు షేక్ ఖలీఫా బిన్ జాయెద్ కన్నుమూశారు. దేశంలో 40 రోజుల సంతాపం పాటించారు. అధ్యక్షుడి పేరు మీద జరిగే కప్పు కదా, ఆ సీజన్ ఫైనల్ ఆగిపోయింది. చివరికి 2022 అక్టోబర్ 21న ఆడారు. షార్జా 1-0తో అబుదాబి అల్ వహ్దాను ఓడించి కప్పు ఎత్తింది.

ఆ కప్పు మీద దుమ్ము పడక ముందే కొత్త సీజన్ ఫైనల్ వచ్చేసింది. 2023 ఏప్రిల్ 28న మళ్లీ షార్జానే, ఈసారి ఎదురుగా అల్ ఐన్. ఆట 1-1తో ముగిసింది. పెనాల్టీలకు వెళ్తే మామూలుగా జట్టుకు అయిదు కిక్కులు. అయిదుతో తేలలేదు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొడుతూనే ఉన్నారు. ఆఖరికి షార్జా గెలిచింది. 2003 నుంచి 19 ఏళ్లు ఈ కప్పు ముట్టని క్లబ్బు ఆర్నెల్ల గడువులో రెండుసార్లు ఇంటికి పట్టుకెళ్లింది. దాంతో షార్జా లెక్క 10కి చేరింది.

ఆ మరుసటి ఏడు 2024 మే 17న దుబాయ్ వంతు. అల్ వస్ల్ 4-0తో అల్ నస్ర్‌ను చిత్తు చేసింది. అదే సీజన్లో లీగ్ టైటిల్ కూడా అల్ వస్ల్‌దే. ఆ రెండూ కలిపి గెలవడం 2007 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదలు. మధ్యలో 2011-12లో మారడోనా అంతటివాడు వచ్చి కోచ్‌గా కూర్చున్నా అల్ వస్ల్‌కు ఆ కరువు తీరలేదు. ఇక 2025 మే 9న షబాబ్ అల్ అహ్లీ 2-1తో షార్జాను ఓడించింది. పాత అల్ అహ్లీ పేరు మీద గెలిచినవి కలుపుకుంటే దానికిది 11వ కప్పు, అందరికన్నా ఎక్కువ. ఓడిన షార్జా ఏడ్చుకుంటూ కూర్చోలేదు. అదే నెల 18న సింగపూర్ వెళ్లి ఆసియా చాంపియన్స్ లీగ్ టూ కప్పు గెలుచుకొచ్చింది.

ఈ నాలుగు ఫైనల్స్ జరిగిన తేదీలు చూడండి. నాలుగూ శుక్రవారాలే. 2022 జనవరిలో ప్రభుత్వ ఆఫీసుల వారాంతం శని, ఆదివారాలకు మారింది. శుక్రవారం వాళ్లకు సగం రోజు పని. ఆఫీసువాడికి ఫైనల్ చూసి మర్నాడు పడుకునే వీలుంది. మనోళ్లలో చాలామందికి శనివారం పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కాలి. స్టేడియం దూరం కాదు, తెల్లారి డ్యూటీయే దూరం.

ఒక్క రాత్రి చాలు

లీగ్ అంటే నెలల తరబడి ఆడాలి, డబ్బున్న క్లబ్బు చివరికి పైకి తేలుతుంది. నాకౌట్ కథ వేరు. ఇటీవలి సీజన్ల పద్ధతి చూస్తే, కింది డివిజన్ క్లబ్బులు ముందు వాటిలో అవి పోటీ పడతాయి. అందులోంచి రెండు పైకొస్తాయి. ప్రో లీగ్‌లోని 14 క్లబ్బులతో కలిస్తే 16. అక్కణ్నుంచి నాలుగు మెట్లు ఎక్కితే కప్పు. పేదవాడికి ఒక్క మంచి రాత్రి దొరికితే పెద్దోడు ఇంటికెళ్తాడు.

అలా జరిగింది కూడా. 2010లో రస్ అల్ ఖైమాకు చెందిన ఎమిరేట్స్ క్లబ్ ఫైనల్లో దుబాయ్ అల్ షబాబ్‌ను ఓడించి కప్పు గెలిచింది. విచిత్రం ఏంటంటే, అదే సీజన్లో ఆ క్లబ్ లీగ్‌లో వెనకబడి కింది డివిజన్‌కు దిగిపోయింది. ఒక చేత్తో కప్పు, ఇంకో చేత్తో డిమోషన్ కాగితం. అలాగే 2011లో ఆసియా చాంపియన్స్ లీగ్ ఆడింది.

కానీ ఇలాంటివి ఎన్ని? 1974-75లో మొదలైన ఈ కప్పు అర్ధ శతాబ్దంలో ఎక్కువగా దుబాయ్, షార్జా, అబుదాబి ఎమిరేట్ల మధ్యే తిరిగింది. అల్ ఐన్ కూడా అబుదాబి ఎమిరేట్‌లోదే కదా. అజ్మాన్‌కు 1984లో ఒకసారి, రస్ అల్ ఖైమాకు 2010లో ఒకసారి దక్కింది. ఫుజైరా, ఉమ్ అల్ క్వైన్ చేతికి ఇంతవరకు రాలేదు. తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, లోపలికి వెళ్లేది మాత్రం బలమున్నవాడే. ఇది ఆటకే కాదు, మనకూ బాగా తెలిసిన సంగతే.

తలుపు తెరిచారు... ఎవరొచ్చారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలా ఏళ్లపాటు ఇక్కడి పోటీల్లో స్థానిక పౌరులు, కోటా ప్రకారం తెచ్చుకున్న కొద్దిమంది విదేశీ ప్రొఫెషనల్స్ మాత్రమే ఆడేవారు. మన డ్రైవర్ కొడుకో, అకౌంటెంట్ కొడుకో షార్జా ఆస్పత్రిలోనే పుట్టి, ఇక్కడి స్కూల్లోనే చదివి, ఇక్కడి ఇసుకలోనే బంతి తన్ని పెరిగినా క్లబ్బు జాబితాలో పేరెక్కే దారి లేదు.

2017 చివర్లో అధ్యక్షుడి నిర్ణయంతో అది మారింది. ఎమిరాతీ తల్లుల పిల్లలు, యూఏఈ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, ఈ దేశంలో పుట్టినవాళ్లు, ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్లు అధికారిక పోటీల్లో ఆడొచ్చన్నారు. 2018 నుంచి క్లబ్బులు ఆ అవకాశం వాడుకోవడం మొదలుపెట్టాయి.

మరి మన పిల్లలు కనిపిస్తున్నారా? నిజం చెప్పుకోవాలి. 'నివాసి ఆటగాడు' అనే ఆ ఖాళీలో క్లబ్బులు ఎక్కువగా నింపుకుంటున్నది బ్రెజిల్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి చిన్న వయసులో తెచ్చుకున్న కుర్రాళ్లతో. క్లబ్బుల వైపునుంచి చూస్తే అందులో తప్పేం లేదు. వాళ్లకు శుక్రవారం గెలుపు కావాలి. పదేళ్లు శిక్షణ ఇచ్చి పెంచే ఓపిక కన్నా, ఇరవై ఏళ్లకే తయారైన కాళ్లు దొరికితే సులువు. పౌరసత్వం ఇచ్చి జాతీయ జట్టులో ఆడించినవాళ్లూ ఉన్నారు. అల్ వస్ల్ తరఫున 2014 నుంచి ఆడుతూ వచ్చిన బ్రెజిల్ మనిషి ఫాబియో లిమా 2020లో యూఏఈ జెర్సీ వేసుకున్నాడు.

అయినా 1990 ఇటలీ ప్రపంచ కప్ తర్వాత యూఏఈ మళ్లీ అక్కడికి చేరలేదు. 2025 అక్టోబర్‌లో ఖతార్ చేతిలో, నవంబర్‌లో ఇరాక్ చేతిలో ఓడి 2026 ప్రపంచ కప్ కూడా పోగొట్టుకుంది. బయటినుంచి తెచ్చుకుంటే సరిపోదని, ఇక్కడ పెరుగుతున్న పిల్లల్లోంచే వెతకాలని వాళ్లకే తట్టే రోజు రావచ్చు. ఆ రోజుకు మన పిల్లాడు బంతి తన్నడం నేర్చుకుని ఉండాలి గదా.

ఇక్కడో చేదు నిజం కూడా ఉంది. 'మన పిల్లాడు' ఇక్కడ ఉండాలంటే ముందు ఫ్యామిలీ వీసా ఉండాలి. 2019లో మార్చిన నిబంధన ప్రకారం నెలకు 4 వేల దిర్హాముల జీతం, లేదా 3 వేలతోపాటు కంపెనీ వసతి ఉంటేనే కుటుంబాన్ని తెచ్చుకునే అర్హత. క్యాంపులో ఉండేవాళ్లలో ఎంతమందికి అంత జీతం? ఈ తలుపు తెరిచింది తెలుగువాళ్లందరికీ కాదు, కుటుంబంతో ఉన్న కొద్దిమందికే. మేస్త్రీ కొడుకు జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, కడపలోనో నాయనమ్మ దగ్గరే పెరుగుతున్నాడు.

మనకు రాని ఆట కాదిది

"ఫుట్‌బాల్ మనది కాదు, కేరళవాళ్లది, బెంగాలీలది" అనే మాట మన క్యాంపుల్లో తరచూ వినిపిస్తుంది. ఈ మాట అన్నవాళ్లకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పాలి. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించారు. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. అవి కూడా ఓడితే ఇంటికే అనే కప్పులే. వాళ్లు కోటీశ్వరులు కారు. డ్యూటీ చేసి ఆట ఆడిన పోలీసు ఉద్యోగులు.

ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. ఆ మరుసటి ఏడే ఆయన పోయారు. ఆ బంగారు జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ మనిషి.

తర్వాత ఏమైంది? డిపార్ట్‌మెంట్ జట్లు నీరసించాయి, మైదానాలు పోయాయి, పిల్లలు బ్యాట్ పట్టుకున్నారు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిస్తే మళ్లీ ఆశ పుట్టింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఊళ్లో పునాది లేకపోతే కప్పు కూడా వలసపోతుంది, మనలాగే.

గ్యాలరీలో మన గొంతు

2019 జనవరి 6 గుర్తుందా? అబుదాబి అల్ నహ్యాన్ స్టేడియంలో ఆసియా కప్ మ్యాచ్. భారత్ 4-1తో థాయ్‌లాండ్‌ను ఓడించింది. ఆసియా కప్‌లో మన దేశానికి 1964 తర్వాత అదే మొదటి గెలుపు. గ్యాలరీలో ఇక్కడ పనిచేసుకునే భారతీయులూ ఉన్నారు. నాలుగు రోజులకు యూఏఈ చేతిలో మనం 0-2తో ఓడాం.

ఆ మ్యాచ్ ముందు ఒక వీడియో బయటికొచ్చింది. పంజరంలాంటి దాంట్లో పెట్టిన ఆసియా పనివాళ్లను, ఎవరి జట్టు వైపు ఉంటారని ఒకడు కర్ర పట్టుకుని అడుగుతున్నాడు. చూసిన మనోళ్ల కడుపు మండింది. ఇక్కడి అటార్నీ జనరల్ వెంటనే స్పందించారు, బాధ్యుల అరెస్టుకు ఆదేశాలిచ్చారు. ఆ సంగతి రెండు విషయాలు చెబుతుంది. గ్యాలరీలో మన గొంతు ఎవరిదన్నది మన ఇష్టం. ఆ ఇష్టాన్ని అవమానిస్తే చట్టం చూస్తూ ఊరుకోదు.

ఏజెంటు కొత్త వేషం

ఇప్పుడు ఒక హెచ్చరిక. వీసాల పేరుతో మోసపోయిన కథలు మన ప్రతి ఊళ్లో ఉన్నాయి. అదే ఏజెంటు రేపు కొత్త పాట ఎత్తుకోవచ్చు: "దుబాయ్ క్లబ్బులో ట్రయల్స్ ఉన్నాయి, మీ వాణ్ని విజిట్ వీసా మీద పంపండి, రెండు లక్షలు చాలు." దొంగ ట్రయల్స్ ప్రపంచమంతటా జరుగుతున్న మోసం.

ఈ ఒక్క రూలు గుర్తుపెట్టుకోండి. 18 ఏళ్లు నిండని పిల్లాణ్ని ఆట కోసమే దేశం దాటించి క్లబ్బులో చేర్చడాన్ని ఫిఫా మామూలుగా ఒప్పుకోదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పని మీద వలస వస్తే, వాళ్లతో ఉన్న పిల్లాడికి మినహాయింపు ఉంది. అంటే షార్జాలో నాన్నతో ఉంటున్న పిల్లాడికి దారి ఉంది. ఊళ్లో పొలం అమ్మి ఏజెంటు చేతిలో పెట్టిన పదిహేనేళ్ల పిల్లాడికి లేదు. వీసా గడువు దాటి కల్లివెల్లి అయితే చివరికి జరిమానా కట్టుకునేదీ, ఎంబసీ చుట్టూ తిరిగేదీ మనమే.

ఇక్కడ కుటుంబంతో ఉన్నవాళ్లు మాత్రం సిగ్గుపడకండి. స్కూల్ జట్టుతో మొదలుపెట్టండి. అకాడమీ ఫీజు కట్టే ముందు ఆ అకాడమీ ఏ క్లబ్బుది, పోటీల్లో పిల్లల్ని నిజంగా ఆడిస్తుందా అని అడగండి. క్యాంపుల్లో ఉన్నవాళ్ల కోసం దుబాయ్‌లో లేబర్ స్పోర్ట్స్ టోర్నమెంట్ జరుగుతుంటుంది. క్రికెట్, కబడ్డీతోపాటు ఫుట్‌బాల్ కూడా ఉంటుంది. మీ కంపెనీ వెల్ఫేర్ ఆఫీసర్‌ను అడిగి పేరు రాయించుకోండి. కప్పు రాకపోయినా ఒళ్లు, మనసు రెండూ బాగుపడతాయి.

ఫైనల్ ఎక్కువగా మే నెలలో వస్తుంది. ఆ తర్వాత నెలకే జూన్ 15 నుంచి మధ్యాహ్నం ఎండలో పని ఆపే రోజులు మొదలవుతాయి. ఆటగాళ్లు సెలవులకు పోతారు, మనం ఎండలోకి పోతాం. ఈసారి మెస్ హాల్లో ఆ మ్యాచ్ వస్తే లేచిపోకండన్నా. ఆ పదకొండు మందిలో మన ఇంటిపేరు ఇవాళ కనబడకపోవచ్చు. ఏదో ఒక ఏడు కనబడితే, అప్పుడు "ఇది మన ఆట కాదు" అని అన్నవాళ్లమే ముందు కుర్చీలు లాక్కుంటాం.