కొలిచేది యంత్రం, జవాబు మనిషిది

భూగర్భ శాస్త్రమా, పర్యావరణ ఇంజనీరింగా? కృత్రిమ మేధ ముప్పు దేనికెక్కువ? ముందుగా దెబ్బ తగిలేది భూగర్భ శాస్త్రంలోని డెస్కు పనికే. ఉపగ్రహ చిత్రాలు, భూకంప తరంగాల రికార్డులు చదవడంలో యంత్రం ఇప్పటికే చురుకు. జాంబియాలోని మింగోంబా రాగి నిక్షేపం చాలా పెద్దదని 2024లో ప్రకటించిన కోబోల్డ్ మెటల్స్ ఏఐనే నమ్ముకుంది. అయినా డ్రిల్లింగ్ తప్పలేదు.

పర్యావరణ ఇంజనీర్లకు చట్టం కొంత అండ. పొగగొట్టంలోని సెన్సర్ లెక్కలు పంపగలదు. కానీ 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో ఊరి జనం నిలదీస్తే జవాబు చెప్పాల్సింది మనిషే.

అసలు చిక్కు రెండు చోట్లా ఒకటే. పట్టికలు, ముసాయిదా నివేదికలు యంత్రానికి అప్పగిస్తే కొత్తవాళ్లు పని నేర్చుకునేదెక్కడ? యంత్రం తప్పు పట్టుకోగల సీనియర్లు రేపు ఎక్కడి నుంచి వస్తారు?