ఉల్కకి అంచు నేసిందెవరు?

మొన్నామధ్య హైదరాబాదులో ఉల్కల ప్రదర్శన ఒకటి పెడితే అమ్మని తీసుకెళ్ళా. అమ్మది గద్వాల, మగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. రాతి ఉల్కల దగ్గర పెద్దగా ఆగలేదు గానీ, కోసి నునుపు చేసిన ఇనప ఉల్క ముక్క ముందు మాత్రం అలాగే నిలబడిపోయింది. దాని మీద ఒకదాన్నొకటి కోసుకుపోయే సన్నటి పట్టీలు.

"ఇదేం నేతరా? ఇందులో పడుగేది, పేకేది?" అంది.

పక్కనున్న గైడు కుర్రాడు నవ్వి, "ఇది డిజైన్ కాదమ్మా, సైన్సు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అసలా గదిలో సైన్సు ప్రశ్న అడిగింది అమ్మొక్కతే! లేబుల్ మీద పేరు, బరువు, పడిన ఏడాది. అంతే. ఆ పట్టీలు ఎలా వచ్చాయో ఒక్క ముక్క లేదు.

ఇనుమూ నికెలూ కలిసిన ముద్ద ఓ బుల్లి గ్రహం కడుపులో పదిలక్షల ఏళ్ళకి ఏ వందో రెండొందలో డిగ్రీల చొప్పున చల్లారుతుంది. ఆ నిదానంలో నికెల్ తక్కువున్న లోహం, ఎక్కువున్న లోహం వేర్వేరు పట్టీలుగా సర్దుకుంటాయి, అయినా విడిపోవు. నూలు చీరకి పట్టు అంచుని మగ్గం మీదే పోగుకి పోగు తగిలించి కలిపే గద్వాల పనితనం గుర్తొస్తే తప్పా? కోసిన ముక్కకి యాసిడ్ పూస్తే పట్టీలు బయటపడతాయి. 1808లో వియన్నాలో వీటిని గమనించిన విడ్మన్‌స్టాటెన్ అచ్చుపని కుటుంబంలో పుట్టినవాడు. 1820లో ష్రైబర్స్ వేసిన పుస్తకం కోసం యాసిడ్ తిన్న ఉల్క ముక్కకే సిరా పూసి కాగితం మీద అద్దారు, పెడనలో కలంకారీ అద్దినట్టు. ఇప్పుడు చెప్పండి, అది సైన్సా, డిజైనా?

1621లో జలంధర్ దగ్గర పడ్డ ఉల్కతో జహంగీరు కత్తులు చేయించుకున్నాడు. అందులో ఒకటి వాషింగ్టన్‌లో ఓ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ముక్కగా ఉంటే సైన్సు, పిడి తగిలిస్తే ఆర్టు అన్నమాట :)

పాపం ఆ కుర్రాణ్ణి అని ఏం లాభం? నాగర్‌కర్నూల్లో నా టెన్త్‌లో డ్రాయింగ్ పీరియడ్ని లెక్కల సారు లాగేసుకుంటే ఇళ్ళల్లో అందరూ సంతోషించారు. సెలవులకి గద్వాల పోయి జకార్డు మగ్గం చిల్లుల అట్టలతో ఆడుకున్నవాణ్ణి. కంప్యూటర్ల పంచ్ కార్డులకి మూలం ఆ అట్టలేనని ఇంజినీరింగ్‌లో చేరేదాకా ఒక్కరూ చెప్పలేదు.

గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. ఎక్కడో ఓచోట ఒక బల్ల వేసి ఇనప ఉల్క ముక్క, పక్కనే గద్వాల అంచు ముక్క, ఓ భూతద్దం పెట్టలేమా? లేబుల్ రాయడానికి ఫిజిక్సు లెక్చరర్‌తో పాటు నేతపని తెలిసినవాళ్ళనీ కూర్చోబెట్టండి.

బస్సులో అమ్మ మళ్ళీ అడిగింది, ఆ గీతలు ఎటు కోసినా ఒకే వాలులో ఉంటాయా అని. లేదు, కోతని బట్టి మారతాయన్నాను.

"మరి ఇంకోవైపు కోసిన ముక్క కూడా పెట్టొద్దా?" అంది.